సాన్ సీర్ ఆడపిల్లల బడి: ఏ సంవత్సరం నుంచి లెక్కపెట్టాలి? బడి అనాలా, మఠం అనాలా?

ప్రశ్న (చరిత్రపుట):
ఫ్రాన్స్‌లో వెర్సాయ్ పక్కన సాన్ సీర్‌లో 14వ లూయీ రాజు రెండో భార్య మదామ్ ద మాంతెనాన్ పెట్టించిన ఆడపిల్లల వసతి బడి మీద వ్యాసం రాస్తున్నాను. ఒకచోట 1684 అని, ఇంకోచోట 1686 అని, మరోచోట 1692లో మఠం అయిందని ఉంది. ఏది సరి? పిల్లల్ని ఎలా చేర్చుకునేవారు? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1 (పాతకాగితం):
మూడూ సరైనవేనండి, ఒక్కోటి ఒక్కో సంగతి. 1682లో ర్యుయే అనే ఊళ్లో చిన్న బడి. 1684లో అది నువాజీ అనే ఊరికి మారింది. 14వ లూయీ తన వాస్తుశిల్పి మాన్సార్ చేత సాన్ సీర్‌లో కొత్త భవనం కట్టించాడు. 1686 జూన్‌లో రాజశాసనం, ఆ వేసవిలోనే పిల్లల తరలింపు. ‘స్థాపన’ అని రాస్తే 1686 వేయండి. ఖర్చుకు సాన్ దెనీ మఠాధిపతి పదవికి చెందిన ఆదాయాన్ని మళ్లించారు.

చేర్పు ఇలా: సీట్లు 250. వయసు 7 నుంచి 12 లోపు. తండ్రి వైపు నాలుగు తరాల కులీనతను కాగితాలతో రుజువు చేయాలి, ఆస్థాన వంశావళి నిపుణుడు వాటిని పరిశీలించేవాడు. అయినా కుటుంబం పేదదై ఉండాలి. యుద్ధాల్లో ఆస్తి కరిగిపోయిన సైనికాధికారుల కూతుళ్లకు మొదటి చోటు. చేరిన పిల్ల 20 ఏళ్లు నిండేదాకా అక్కడే. కన్నవాళ్లు ఏడాదికి నాలుగుసార్లే చూడొచ్చు. బయటికి వెళ్లేటప్పుడు 3,000 లీవ్ర్‌ల (అప్పటి ఫ్రెంచి డబ్బు) కట్నం. పెళ్లికైనా సరే, మఠంలో చేరడానికైనా సరే. అప్పట్లో సన్యాసం పుచ్చుకోవడానికీ కట్నం అడిగేవారు కాబట్టి ఈ డబ్బు ఎంత పెద్ద ఆసరానో మీ వ్యాసంలో తప్పక చెప్పండి.

జవాబు 2 (రంగురిబ్బను):
తరగతులకు అంకెలు లేవు, రంగులే. ముదురు గోధుమరంగు గౌను అందరికీ ఒకటే, రిబ్బను మారేది. 10 ఏళ్లదాకా ఎరుపు: చదవడం, రాయడం, లెక్కలు, బైబిలు కథలు. 11 నుంచి ఆకుపచ్చ: వాటికి తోడు సంగీతం, కొంచెం చరిత్ర, భూగోళం. 14 నుంచి పసుపు: ఫ్రెంచి భాష, బొమ్మలు గీయడం, నాట్యం. 17 నుంచి నీలం. కుట్టుపని అన్ని తరగతుల్లోనూ ఉంది. పెద్దపిల్లల్లో ఎంపికైనవాళ్లకు నల్ల రిబ్బను ఇచ్చి చిన్న తరగతుల్లో సాయానికి పెట్టేవారు. పాత చిత్రాల్లో రిబ్బను రంగు చూస్తే పిల్ల వయసు ఇట్టే పట్టేయొచ్చు.

రష్యా రాణి రెండో కేథరీన్ 1764లో స్మోల్నీ బడి పెట్టినప్పుడు దీన్నే నమూనాగా తీసుకుంది. అక్కడ రిబ్బనుకు బదులు గౌను రంగే మారేది.

జవాబు 3 (గంటస్తంభం):
మఠం సంగతికొస్తే, చాలామంది పొరపడేది ఇక్కడే. మొదట్లో బోధించే ‘దామ్’లు పూర్తి సన్యాసినులు కారు. సాధారణ వ్రతాలు, వాటితోపాటు పిల్లలకు చదువు చెబుతామనే నాలుగో వ్రతం. సన్యాసినుల దుస్తులు లేవు, ‘సిస్టర్’ అనే పిలుపూ లేదు. మఠాల చదువు మీద మాంతెనాన్‌కు అంత మంచి అభిప్రాయం లేదు. చిన్నప్పుడు తనను అర్సులైన్ సన్యాసినుల మఠాల్లో ఉంచారు మరి.

తేడా నాటకం దగ్గర వచ్చింది. పిల్లలు నాటకకర్త రసీన్ ప్రేమనాటకం ‘ఆంద్రోమాక్’ను మరీ బాగా ఆడేసరికి మాంతెనాన్ బెదిరి, భక్తి కథ రాయమని రసీన్‌నే అడిగింది. అలా ‘ఎస్తేర్’ 1689 జనవరిలో రాజు ముందు ఆడారు. కథ బైబిలుదే, కానీ చూడటానికి ఆస్థానమంతా ఎగబడింది. పొగడ్తలతో పిల్లలకు గర్వం పెరిగిందని విమర్శలొచ్చాయి. 1691లో ‘అతాలీ’ని వేషాలూ తెరలూ లేకుండా ఆడించారు. దానికితోడు ఆధ్యాత్మిక రచయిత్రి మదామ్ గుయోన్ చెప్పిన ధ్యానమార్గం లోపలికి పాకి, మతాధికారులకు అనుమానం కలిగించింది. 1692 చివర్లో షార్త్ర్ బిషప్ ఒత్తిడితో సెయింట్ అగస్టీన్ నియమావళి కింద మఠంగా మార్చారు. నా దృష్టిలో తప్పు పిల్లలది కాదు. బడిని రాజుగారి వినోదానికి తెరిచింది పెద్దవాళ్లే. మఠమయ్యాక కూడా బడి ఆగలేదు కనుక ‘1692 నుంచి మఠం నడిపిన బడి’ అని రాయండి.

చరిత్రపుట:
చాలా థాంక్సండి. మూతపడింది 1793లోనేనా?

పాతకాగితం:
అవును. ఫ్రెంచి విప్లవంలో వచ్చిన రద్దు నిర్ణయం మాత్రం 1792 ఆగస్టుది. నెపోలియన్ చెల్లెలు ఎలీజా అప్పుడు అక్కడే చదువుతోంది. సెప్టెంబరు 1న అన్న స్వయంగా వచ్చి తీసుకెళ్లాడు. ఆమెకు కట్నం 3,000 రాలేదు. కోర్సికాలోని ఇంటికి చేరడానికి లీగుకు (పాత దూరపు కొలత) 20 సూల, అంటే ఒక లీవ్ర్ చొప్పున 352 లీవ్ర్‌లు దారిఖర్చు మంజూరైంది. 1808లో అదే భవనంలోకి నెపోలియన్ సైనిక పాఠశాలను తెచ్చాడు. 1944 బాంబుదాడుల్లో అది బాగా దెబ్బతింది. ఇప్పుడు మళ్లీ కట్టిన చోట సైనిక లీసే (ఉన్నత పాఠశాల) నడుస్తోంది. 1719లో చనిపోయిన మాంతెనాన్ సమాధి అక్కడి ప్రార్థనాలయంలో ఉంది.