వరంగల్ నాలాలకు సెన్సర్లు ముందా, పూడికతీత ముందా?

హన్మకొండవాసి:
రియో డి జనీరోలో 2010 ఏప్రిల్‌లో వరదలు ముంచెత్తి, కొండచరియలు విరిగిపడి ఎందరో చనిపోయారు. ఆ ఏడాది చివరికల్లా వాన, ట్రాఫిక్, సహాయక బృందాలు అన్నిటినీ ఒకేచోట నుంచి గమనించే కేంద్రం తెరిచారు. మన నగరం స్మార్ట్ సిటీల జాబితాలో చేరింది 2016లో. 2020 ఆగస్టులో మునిగాం, 2023 జూలైలో మళ్లీ మునిగాం, భద్రకాళి చెరువు కట్టకు గండి కూడా పడింది. ప్రతి వంతెన దగ్గరా నీటిమట్టం చూపే సెన్సర్ పెట్టి, కాలనీల ఫోన్లకు హెచ్చరిక పంపాలంటాను. మీరేమంటారు?

నాలా పక్క ఇల్లు:
నీళ్లు గడప దాటాయని మాకు ఫోను చెప్పాలా? ముందు పూడిక తీయించండి.

పాత ఇంజినీరు:
ఎక్కడ ఎంత పూడిక తీయాలో కొలవకుండా తెలియదమ్మా. నాలా చాలుతుందా లేదా అన్నది రోజు మొత్తం పడిన వానను బట్టి కాదు, గంటలో ఎంత కురిసిందన్నదాన్ని బట్టి తేలుతుంది. మనవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు అలుగు దూకాక కిందికి నీరు ఎంతసేపట్లో చేరుతుందో లెక్క ఉంటే జనాన్ని తరలించడానికి వ్యవధి దొరుకుతుంది. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడటంతో ఏ కాలనీలో ఎందరున్నారో 2011 లెక్కలు పట్టుకుని ఊహించాల్సి వచ్చింది. అంచనాలతో ఊరిని నడపలేం.

కాజీపేట జంక్షన్:
2023 జూలైలో లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు నమోదైంది. కొలత పక్కాగానే ఉంది. మోరంచపల్లి మునగకుండా ఆగిందా?

పాత ఇంజినీరు:
లక్ష్మీదేవిపేట ములుగు జిల్లా, మోరంచపల్లి భూపాలపల్లి జిల్లా. ఇక్కడ చర్చ నగరం గురించి.

కాజీపేట జంక్షన్:
జిల్లాల పేర్లు నాకూ తెలుసు సార్. అంకె కార్యాలయానికి చేరితే సరిపోదు, అర్ధరాత్రి ఇంటి తలుపు తట్టే మనిషి కావాలి. మోరంచవాగు ఊరిని ముంచితే జనం ఇళ్ల పైకెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు.

పాత ఇంజినీరు:
వాగు వేరు, నాలా వేరు. ఆ ఉదాహరణ ఇక్కడ చెల్లదు.

హన్మకొండవాసి:
వాగును వదిలేయండి. నైరోబీలోని కిబెరా మురికివాడ 2009 దాకా పటాల్లో ఖాళీ జాగాయే. అక్కడి యువకులే జీపీఎస్ పట్టుకుని వీధులు, నీటి కుళాయిలు, మరుగుదొడ్లు గుర్తించారు. అంతవరకూ పది లక్షల మంది ఉంటారన్న మాటే చెలామణిలో ఉండేది. అదే ఏడాది జనగణనలో తేలింది దాదాపు 1.7 లక్షలు. లెక్క తప్పితే పథకమూ తప్పుతుంది.

నాలా పక్క ఇల్లు:
తమ్ముడూ, వాళ్ల వాడను వాళ్లే కొలుచుకున్నారు. ఇక్కడ మమ్మల్ని ఎవరో వచ్చి కొలుస్తారు. మురుగు పొంగుతోందని ఫొటోతో సహా ఫిర్యాదు పెట్టాను. మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉండగానే 'పరిష్కారమైంది' అని సందేశం వచ్చింది. ఏ పట్టికలోనో మా వీధి బాగుపడినట్టే ఉంటుంది. తర్వాత టేపు, ఎర్రరంగు డబ్బా పట్టుకుని సర్వే వాళ్లు వచ్చారు. మా ప్రహరీ మీద గీత గీశారు, అంకె వేశారు. అదే నాలాను ఆనుకుని కట్టిన కల్యాణమండపం గేటు దగ్గర టేపు విప్పనైనా లేదు. నా కళ్లతో చూశాను.

పాత ఇంజినీరు:
ఒక్క ఇంటి బాధ పట్టుకుని విధానాన్ని తప్పుపట్టకూడదు. ఆక్రమణ ఎవరిదైనా ఆక్రమణే.

నాలా పక్క ఇల్లు:
ఎవరిదైనా అన్నారు కదా. అయితే పాత నక్షాలో నాలా వెడల్పు ఎంత, ఇప్పుడు ఎంత, మధ్యలో కట్టడాలు ఎవరెవరివి? ఆ జాబితా మొత్తం బయట పెట్టమనండి. అందులో మా గోడ ఉంటే ఉండనివ్వండి.

వడ్డేపల్లి గట్టు:
ఇది న్యాయమైన మాట.

పాత ఇంజినీరు:
పెద్ద భవనాల పేర్లు బయటికొస్తే మర్నాడే కోర్టు నుంచి స్టే తెస్తారు. పని మొత్తం ఆగిపోతుంది. అందుకే ఎక్కడ వీలైతే అక్కడ మొదలుపెడతారు. ఉద్యోగంలో ఉన్నవాడికే ఆ ఇబ్బంది తెలుస్తుంది.

నాలా పక్క ఇల్లు:
అంటే జాబితా ఇప్పటికే ఉంది. వీలైన చోటంటే మా వీధి. సెన్సర్లు పెట్టండి సార్, నేను అడ్డం రాను. ఆ లెక్కలు మాక్కూడా కనపడాలి, అంతే.

కాజీపేట జంక్షన్:
సార్, ఆ స్టేలు ఎన్ని వచ్చాయో, ఏ నాలా మీద వచ్చాయో చెప్పండి. అది కూడా డేటానే కదా.