ఈ వారం సమస్య: గొలుసు తెంచ వచ్చి గొలుసు వేసె

నిర్వాహకురాలు: మొన్న నల్లగొండలో ఒక కొత్త మహిళా సేవా క్లబ్బు తొలి కార్యవర్గం పదవీ స్వీకారానికి వెళ్లాను. అధ్యక్షురాలి మెడలో వేసే కాలర్‌ను దగ్గరగా చూశాను. నీలిరంగు పట్టీ మీద వరుసగా ఇత్తడి బిళ్లలు, వాటిని కలుపుతూ సన్నని గొలుసు. ఏటా ఒక బిళ్ల మీద అధ్యక్షురాలి పేరు చెక్కిస్తారు. ఇది తొలి ఏడు కనుక ఒక్క బిళ్ల మీదే పేరుంది, మిగతావన్నీ నున్నగా ఉన్నాయి. మెడలో వేసేటప్పుడు కొక్కెం ఆమె జడలోని మల్లెదండకు చిక్కుకుంది. సభంతా ఊపిరి బిగబట్టింది. ఆ కాలర్ ఎవరు వేశారో ఇప్పుడు చెప్పను, మీ పూరణలకు అడ్డు తగలకూడదు.

పైన ఇచ్చిన సమస్య ఆటవెలది నాలుగో పాదం, అంటే అయిదు సూర్యగణాలు (మూడు లఘువులు, లేదా గురువూ లఘువూ). దానికి అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు రాయడమే పూరణ. సందర్భం పదవీ స్వీకారం. కవిపండితులను ఆదరించి విద్వద్గద్వాల అని పేరు పడిన సంస్థానం ఉన్న నేల మనది, పూరణ మనకు కొత్త కాదు. గణాలు, యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) చూసుకుని పంపండి.

మహబూబ్‌నగర్ సభ్యురాలు:

గడప దాటరాదు గళమెత్తరాదను
కట్టుబాటులున్న కాలమందు
సేవ బాట జూపి చెలికి నధ్యక్షగా
గొలుసు తెంచ వచ్చి గొలుసు వేసె

నిర్వాహకురాలు: నడక బాగుంది. మూడో పాదంలో సే–చె యతి చెల్లింది, చవర్గానికి శషసలతో మైత్రి ఉంది. తెంచినది కట్టుబాటు గొలుసు, వేసినది పదవి గొలుసు అన్న విరుపూ అందింది. లోటల్లా కర్త లేకపోవడమే. ఎవరు వచ్చారు? ఎవరు వేశారు? పద్యమంతా వెతికినా దొరకలేదు. మూడో పాదాన్ని ఇలా మార్చి చూడండి:

అక్క యొకతె లేచి యధ్యక్ష పదవికై

ఇక ‘కాలమందు’ అన్న మాట. చదవగానే ఏ తాతల నాటి సంగతో అనిపిస్తుంది. కానీ సేవా క్లబ్బులే చాలాకాలం స్త్రీలకు సభ్యత్వం ఇవ్వలేదు. లయన్స్ సంస్థ 1987లో, రోటరీ తన నియమావళిని సవరించుకుని 1989లో తలుపు తెరిచాయి. మాంచెస్టర్‌లో మార్గరెట్ గోల్డింగ్ రోటరీ సభ్యుల ఇంటి ఆడవాళ్లను కూడగట్టి ఇన్నర్ వీల్ (లోపలి చక్రం) అనే మహిళా క్లబ్బును మొదలుపెట్టింది 1924 జనవరి 10న. లోపలికి రానివ్వని రోజుల్లో పక్కనే తమ చక్రం తాము తిప్పుకున్నారన్నమాట. మీ పద్యంలోని గడప ఇంటి గడప మాత్రమే కాదు, ఆ క్లబ్బుల గడప కూడా. ఆ అర్థం కూడా పలికేలా రెండో పాదాన్ని తిరగరాస్తే పద్యం ఇంకా బరువెక్కుతుంది.

మహబూబ్‌నగర్ సభ్యురాలు: ‘అక్క యొకతె’ చాలా నచ్చిందమ్మా. రెండో పాదం గురించి ఆలోచించి రేపు పంపుతాను.

మిర్యాలగూడ సభ్యుడు:

ముసుగు వేసి దొంగ మూలమలుపు గాచె
పరుగు నాపి పట్టె భటు డొకండు
చేతి కినుప బేడి చెలగి తగిల్చెను
గొలుసు తెంచ వచ్చి గొలుసు వేసె

నిర్వాహకురాలు: తమ్ముడూ, గణయతులు ఎక్కడా తప్పలేదు. పద్యం మాత్రం నిలవదు. ‘వచ్చి’ క్త్వార్థకం, అంటే అసలు పనికి ముందు జరిగిన పనిని చెప్పే మాట. ‘వచ్చి వేసె’ అన్నప్పుడు వచ్చినవాడూ వేసినవాడూ ఒకరే కావాలి. మీ పద్యంలో వచ్చింది దొంగ, బేడీ వేసింది భటుడు. ఈ సమస్యకు కీలకమంతా ఈ ఒక్క అవ్యయంలో ఉంది. గొలుసు దొంగల మీద ఇంకో రెండు పూరణలు వచ్చాయి, రెండూ ఇక్కడే జారాయి. పైగా సందర్భం పదవీ స్వీకారం కదా.

మిర్యాలగూడ సభ్యుడు: ఒప్పుకుంటానమ్మా. గణాల లెక్కలో పడి కర్తను చూసుకోలేదు.

సూర్యాపేట సభ్యురాలు:

తాళమూడకుండ తల్లడిల్లగ బాల
చైను పళ్ళనుండి జారియుండ
కార్యదర్శి పట్టు కట్టిన దయ్యును
గొలుసు తెంచ వచ్చి గొలుసు వేసె

ఇది కల్పన కాదు. మా ఊళ్లో సభ ముగిశాక బడిపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. ఒక సైకిలుకు తాళం గొలుసు బిగుసుకుపోయింది. కొత్త కార్యదర్శి సుత్తి అడిగి తెప్పించుకుని వచ్చి చూస్తే సైకిలు చైను కూడా ఊడి వేలాడుతోంది. పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపి ముందు చైను ఎక్కించింది. వేళ్లకంటిన నల్లని కందెనను రాయికి రుద్దుకుంటూనే ప్రమాణపత్రం మీద సంతకానికి వెళ్లింది.

మహబూబ్‌నగర్ సభ్యురాలు: రెండో పాదంలో చై–జా యతి కుదురుతుందా అమ్మా?

నిర్వాహకురాలు: కుదురుతుంది. అ, ఆ, ఐ, ఔ ఒకే వర్గం, చకార జకారాలు ఒకే వర్గం. రెండూ చెల్లాయి. ‘చైను’ అన్న మాటను కొందరు ఆక్షేపించవచ్చు. నేను ఆక్షేపించను. సైకిలు షాపులో ‘గొలుసు వేయి’ అని ఎవరూ అనరు. పైగా రెండో పాదంలో చైను అని ముందే చెప్పడం వల్ల నాలుగో పాదంలో రెండో ‘గొలుసు’ ఏదో తడుముకోకుండా తెలుస్తోంది. కర్త ఒక్కరే, గొలుసులు రెండు, రెండూ ఇనుపవే. విరుద్ధంగా కనిపించిన పాదం పూర్తిగా లౌకికంగా విడిపోయింది. పదవి అన్న మాట ఎత్తకుండానే ఆ పదవికి ఆమె తగినదని చెప్పారు. నాకు ఎంతో నచ్చింది.

మర్రిగూడ సభ్యురాలు:

నీటి విషము చేత నేడు వంగిన యవ్వ
చిన్నవారి నడుమ జేరి నిలిచి
తరతరాల నుండు తలరాత యనునట్టి
గొలుసు తెంచ వచ్చి గొలుసు వేసె

మిర్యాలగూడ సభ్యుడు: ‘నీటి విషము’ అతిశయోక్తి కాదా?

మర్రిగూడ సభ్యురాలు: అన్నా, మా వైపు పెరిగినవాళ్లకు అది అతిశయోక్తిగా తోచదు. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడు ఉంటే ఏళ్ల తరబడి తాగినవారి పళ్లు గారపడతాయి. మోతాదు బాగా ఎక్కువైన చోట ఎముకలూ కీళ్లూ బిగుసుకుపోతాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించింది. దానికి లోకమంతటా ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు. మా జిల్లా పేరు అలా పుస్తకాలకెక్కింది. మా నాయనమ్మ మాత్రం చివరిదాకా ‘నా తలరాత’ అనే అనుకుంది. మూడో పాదంలోని మాట ఆమెదే.

నిర్వాహకురాలు: ‘విషము’ నిలుస్తుంది, మార్చవద్దు. మార్చాల్సింది ‘నేడు’. నీ–నే యతి సరిపోయినా ఆ మాట అర్థానికి అడ్డుపడుతోంది. ఆ నడుము ఒక్కనాడు వంగింది కాదు, ముప్ఫై నలభై ఏళ్లు వంగుతూ వచ్చింది. ఇలా అనండి:

నీటి విషము చేత నిలువు వంగిన యవ్వ

‘నిలువు వం’ నగము, ‘గిన యవ్వ’ సలము (రెండూ బేసి పాదం చివర రావలసిన ఇంద్రగణాలే), నీ–ని యతి. నిలువు వంగిన అవ్వ రెండో పాదంలో ‘నిలిచి’ ఉండటంలో ఇప్పుడు బలం వచ్చింది చూడండి. కర్త అవ్వ ఒక్కతే. తెంచవలసిన గొలుసును మూడో పాదం చెప్పింది, వేసిన గొలుసును సందర్భం చెబుతోంది.

మీరు ఆ రోజు నల్లగొండ సభలో ఉన్నారు కదా?

మర్రిగూడ సభ్యురాలు: ఉన్నానమ్మా, వెనక వరుసలో.

నిర్వాహకురాలు: అయితే ఇప్పుడు చెప్పేస్తాను. కాలర్ వేయడానికి వచ్చిన అధికారిణి దాన్ని చేతిలోకి తీసుకుని, ముందు వరుసలో కుర్చీలో ఉన్న ఒక అవ్వ దగ్గరికి వెళ్లి ఆమె చేతుల్లో పెట్టింది. అవ్వ మెడ ఎత్తలేదు, చేతులు భుజం దాటి లేవవు. అధ్యక్షురాలు ఆమె ముందు నేల మీద మోకాళ్లూని కూర్చుని తల వంచింది. కొక్కెం మల్లెదండకు చిక్కుకున్నది అప్పుడే. సాయానికి వంగిన అధికారిణిని అవ్వ వద్దంది. బిగుసుకుపోయిన వేళ్లతో ఒక్కొక్క పువ్వునూ పక్కకు జరిపి తానే విడదీసింది. చాలాసేపు పట్టింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టాలని ఎవరికీ తోచలేదు. కార్యక్రమ పత్రంలో ఆ ఘట్టం లేదు. క్లబ్బు తొలి తీర్మానం మాత్రం అక్కడే చదివారు: ఊళ్లలో బోరు నీటికి ఫ్లోరైడు పరీక్షలు చేయించడం.

ఈ వారం ఉత్తమ పూరణ మర్రిగూడది, సవరణతో. సూర్యాపేట సైకిలు పద్యం దాని పక్కనే కూర్చుంటుంది.

వచ్చే వారం సమస్య కూడా ఆటవెలదే. క్లబ్బుల ఏడు జులై 1న మారుతుంది కనుక, దిగిపోయే కార్యవర్గాన్ని తలచుకుంటూ పూరించండి:

పదవి వీడినపుడె పదవి దక్కె

సూర్యాపేట సభ్యురాలు: ప–ప యతి. ఇందులో కర్త ఎవరైనా కావచ్చా అమ్మా?

నిర్వాహకురాలు: కావచ్చు, కానీ పద్యంలో కనబడాలి.