కొత్త టీవీలో పాత క్లాసిక్‌లు సీరియల్‌లా కనిపిస్తున్నాయి. లోపం ప్రింటుదా, టీవీదా?

రీలుపెట్టె

ఈమధ్య వరసగా చూసినవి: మాయాబజార్ (1957) నలుపు తెలుపులోనూ, 2010లో వచ్చిన రంగుల ప్రింటులోనూ, శంకరాభరణం (1980), అల్లూరి సీతారామరాజు (1974), ఆర్ఆర్ఆర్ (2022). టీవీ 55 అంగుళాల 4కె, సౌండ్‌బార్ లేదు. కొన్ని యాప్‌లలో, కొన్ని పాత డిస్కుల మీద చూసినవి.

మాయాబజార్‌లో ఈసారి కళ్ళన్నీ సావిత్రి మీదే. 'అహ నా పెళ్ళియంట'లో ఘటోత్కచుడి విసురు ఆమె మెడలోకి, భుజాల్లోకి వచ్చేస్తుంది. ఎవరో వస్తున్నారనగానే తల దించి సిగ్గుపడే పెళ్ళికూతురైపోతుంది. మధ్యలో అతుకు కనిపించదు. ఎస్వీ రంగారావు నడకనీ చూపునీ అంత శ్రద్ధగా పట్టుకున్న నటన ఇంకెక్కడా చూడలేదు. పాండవులు ఒక్కసారైనా తెర మీదికి రాకుండా మూడు గంటల పాండవుల కథ నడిపిన కె.వి.రెడ్డి గారికి మళ్ళీ దణ్ణం పెట్టాలనిపించింది.

కానీ ఇబ్బందులున్నాయి:

1. అన్నీ సీరియల్‌లా జారుతున్నట్టున్నాయి. 'వివాహ భోజనంబు'లో కదిలే వస్తువుల వెనక మసక తోకలు కనిపిస్తున్నాయి.
2. టీవీ నిండా బొమ్మ పరిస్తే కిరీటాల కొసలు తెగుతున్నాయి.
3. శంకరాభరణం రాత్రి సన్నివేశాల్లో చీకటి బూడిదరంగులో ఉంది. డిస్కులో పాటల శ్రుతి కూడా పైన ఉన్నట్టు అనిపిస్తోంది.
4. అల్లూరిలో మనుషులు సన్నగా, పొడుగ్గా ఉన్నారు.
5. ఆర్ఆర్ఆర్‌లో మాటలు వినపడవు. పోరాటం మొదలైతే ఇల్లు అదురుతుంది.

సినిమా మీద అభిప్రాయం రాసే ముందు ఇవి సరిచేసుకోవాలని అడుగుతున్నాను.

ప్రొజెక్షన్_గది

మొదటి రెండూ టీవీ సెట్టింగులే అండీ. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. టీవీ తనంతట తాను మధ్యలో లేని ఫ్రేములు పుట్టించి 60కో 120కో పెంచుతుంది. సీరియల్ తీరు దానివల్లే. మాయాబజార్‌లో ఒక్కో ఫ్రేము ఆపి తీసిన మాయలున్నాయి. అక్కడ రెండు ఫ్రేముల మధ్య వస్తువు ఒక్కసారిగా జరుగుతుంది, టీవీ ఊహ తప్పుతుంది. మీరు చూసిన తోకలు ఆ తప్పుడు ఫ్రేములే.

ఈ సెట్టింగు పేరు ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శామ్‌సంగ్‌లో పిక్చర్ క్లారిటీ. పూర్తిగా ఆఫ్ చేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ (సినిమాని తీసినట్టే చూపేది) ఉంటే అది పెడితే చాలు. ఒక సంగతి: చాలా టీవీల్లో ఈ సెట్టింగులు ఒక్కో ఇన్‌పుట్‌కి విడివిడిగా ఉంటాయి. యాప్‌లో మార్చినంత మాత్రాన డిస్క్ ప్లేయర్ ఉన్న హెచ్‌డీఎమ్ఐకి మారదు. అక్కడా మార్చాలి.

నాయిస్ రిడక్షన్ కూడా తీసేయండి. పాత ఫిల్మ్‌లో సహజంగా ఉండే సన్నటి గింజని (గ్రెయిన్‌ని) మచ్చ అనుకుని తుడిచేస్తుంది. దాంతోపాటు చీర నేత, జడలో వెంట్రుకలు కూడా పోతాయి, ముఖాలు మైనంలా తయారవుతాయి. షార్ప్‌నెస్ శామ్‌సంగ్, ఎల్‌జీల్లో సున్నా దగ్గర పెట్టండి. సోనీలో 50 మధ్యస్థం. అంతకన్నా పెంచితే మనుషుల చుట్టూ తెల్లటి గీత వస్తుంది, నలుపు తెలుపు సినిమాల్లో మరీ కొట్టొచ్చినట్టు.

కిరీటాల సంగతి లెక్కతో తేలిపోతుంది. ఆనాటి ఫ్రేము వెడల్పు ఎత్తుకి 1.37 రెట్లు, మీ టీవీ 1.78 రెట్లు. నిండా పరిస్తే ఎత్తులో 23 శాతం పోతుంది. స్కోప్ (ఎత్తుకి 2.35 రెట్లుండే వెడల్పు తెర) వెడల్పుకి కోస్తే 40 శాతం పైగా పోతుంది. ఆ రోజుల్లో కిరీటం కొస నుంచి నడుము వరకు కూర్చి ఫ్రేము పెట్టారు, అందులో తీసేయదగ్గ ఖాళీ లేదు. టీవీలో 'ఒరిజినల్' కానీ 'జస్ట్ స్కాన్' కానీ పెట్టి, పక్కన నల్ల పట్టీలు ఉంటే ఉండనివ్వండి.

వెన్నెల_రీలు

రంగుల ప్రింటు గురించి నా మాట. పిల్లల్ని సినిమా ముందు కూర్చోబెట్టడానికి అది చాలా ఉపయోగపడింది, కాదనను. కానీ 'లాహిరి లాహిరి లాహిరిలో' మాత్రం నలుపు తెలుపులోనే చూడాలి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ అక్కడ రంగుతో పని లేకుండా వెన్నెల తెచ్చారు. జుట్టు అంచు మీద వెనక నుంచి పడే వెలుగు, నీళ్ళ మీద తళుకు, ముఖం మీద సగం నీడ. తెలుపుకీ నలుపుకీ మధ్య ఎన్ని మెట్లున్నాయో ఆ పాటలో తెలుస్తుంది. దాని మీద నీలం పూస్తే ఆ మెట్లు కలిసిపోతాయి.

శంకరాభరణం చీకటికి కారణం వేరే. దాని ఛాయాగ్రాహకుడు బాలూ మహేంద్ర వెలుగుని పొదుపుగా వాడతారు, అందుకే ఆ సినిమాలో లోపం వెంటనే బయటపడుతుంది. ప్లేయర్ నలుపుని వెలుగు కొలతలో 16 అంకె దగ్గర మొదలుపెట్టి పంపుతుంటే, టీవీ సున్నా దగ్గర మొదలవుతుందని అనుకుంటే చీకటంతా బూడిద. ఇది తిరగబడితే జుట్టూ నల్ల బట్టా కలిసి ముద్దైపోతాయి. హెచ్‌డీఎమ్ఐ బ్లాక్ లెవెల్ రెండు చోట్లా ఒకటే ఉండాలి. రెండు వైపులా 'లిమిటెడ్' లేదా 'లో' పెట్టండి. గది చీకటి చేసి, నల్ల పట్టీ ఉన్న సినిమా ఏదైనా ఆపి చూడండి. పట్టీ మసగ్గా వెలుగుతుంటే ఇంకా సరిపోలేదన్నట్టు. (బ్యాక్‌లైట్ టీవీల్లో కొద్దిపాటి వెలుగు ఎలాగూ ఉంటుంది, దానికి కంగారు పడకండి.) వివిడ్ మోడ్, గది వెలుగుని బట్టి మారే సెన్సర్ రెండూ ఆఫ్.

శ్రుతిపెట్టె

మీ చెవి సరిగ్గానే పట్టింది. కొన్ని డిస్కులు పాల్ (పాత టీవీ ప్రమాణం) పద్ధతివి, అంటే 24 ఫ్రేముల సినిమాని 25తో నడుపుతాయి. వేగం 4 శాతం పెరుగుతుంది. శబ్దాన్ని సరిచేయకపోతే శ్రుతి అర మెట్టులో (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో) 70 శాతం పైకి పోతుంది. ఒకటిన్నర శ్రుతికి పాడింది రెండు శ్రుతికి దగ్గరగా వినిపిస్తుందన్నమాట. మామూలు సినిమాలో ఎవరూ పట్టించుకోరు కానీ, కె.వి.మహదేవన్ పాటలున్న ఈ సినిమాలో శంకరశాస్త్రి గొంతు బరువే తగ్గిపోతుంది. గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు ఆ గొంతు కోసం తెచ్చుకున్న గాంభీర్యం ఇక్కడ నష్టపోకూడదు.

కంప్యూటర్‌లో వీఎల్‌సీతో చూస్తే వేగం 0.96 పెట్టండి. అదొక్కటే చేస్తే వేగం తగ్గుతుంది కానీ శ్రుతి దిగదు, ఎందుకంటే వీఎల్‌సీ శ్రుతిని కాపాడుతూ వేగం మారుస్తుంది. ఆడియో సెట్టింగుల్లో టైమ్ స్ట్రెచింగ్ టిక్ తీసేయాలి. ముందు ఒక పాటని ఆడియో ఆల్బమ్‌తో పోల్చి చూసుకోండి, తేడా ఉంటేనే మార్చండి. అన్ని డిస్కులూ అలాంటివి కావు.

ఆర్ఆర్ఆర్ మాటల గొడవ: థియేటర్‌లో మాట తెర మధ్య స్పీకర్ నుంచి వస్తుంది. ఇంట్లో రెండే చిన్న స్పీకర్లు. మాటనీ కీరవాణి సంగీతాన్నీ పులుల గర్జననీ వాటిలోకే కుక్కాలి. యాప్‌లో 5.1 (ఆరు స్పీకర్ల) ట్రాక్ బదులు స్టీరియో (రెండు స్పీకర్ల) ట్రాక్ ఉంటే అది ఎంచుకోండి. వర్చువల్ సరౌండ్, బాస్ పెంచేవి తీసేయండి. ఎల్‌జీలో క్లియర్ వాయిస్, సోనీలో వాయిస్ జూమ్ ఒక మెట్టు చాలు, ఎక్కువైతే 'స'లు 'ష'లు గీరుకుంటాయి. రాత్రిపూట నైట్ మోడ్. ఇంటర్వెల్‌లో జంతువులు లారీలోంచి దూకే చోట ఊపు కొంత తగ్గుతుంది, ఆ సెట్టింగు పనే పెద్ద చప్పుళ్ళని అణచడం. పగలు చూసేటప్పుడు తీసేయండి.

రీలుపెట్టె

మోషన్ ఆఫ్ చేశాక తోకలు పోయాయి. శంకరాభరణం చీకటి కూడా కుదిరింది, లాంతరు వెలుగు ముఖం మీద ఎంతవరకు ఆగుతుందో ఇప్పుడు తెలుస్తోంది. అల్లూరి ఒక్కటి మిగిలింది. అందులో కృష్ణ గారి నటన గురించి వివరంగా రాయాలని ఉంది.

ప్రొజెక్షన్_గది

తెలుగులో తొలి సినిమాస్కోప్ సినిమా అది. పాత టీవీల కోసం చేసిన కాపీలు రెండు రకాలు: బొమ్మంతా పక్కల నుంచి నొక్కినవి, పక్కలు కోసినవి. ఏదైనా బండి చక్రం కనిపించే చోట ఆపండి. చక్రం నిలువు కోడిగుడ్డులా ఉంటే నొక్కింది. వీఎల్‌సీలో ఆస్పెక్ట్ రేషియో 2.35 పెడితే పూర్తి బొమ్మ తిరిగొస్తుంది. చక్రం గుండ్రంగానే ఉండి, ఇద్దరు మాట్లాడుకునే చోట ఒకరే కనిపిస్తే కోసింది. దాన్ని ఏ సెట్టింగూ బాగుచేయదు, వేరే కాపీ వెతకాలి.

పేర్లు పడేటప్పుడు మాత్రమే చూసి తేల్చకండి. అక్షరాలు తెగకుండా టైటిల్స్ వరకు నొక్కి, కథ మొదలవగానే కోసిన కాపీలుంటాయి. 'తెలుగు వీర లేవరా' దగ్గరికి వెళ్ళి చూడండి. ఆ పాటలో గుంపు తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉండాలి.