5 వాట్ల సెట్‌లో రిలేల బదులు మెమ్స్ స్విచ్ పెట్టొచ్చా?

క్యూఆర్‌పీ_గుంటూరు:
ఇంట్లో కడుతున్న 5 వాట్ల హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) రేడియో సెట్‌లో లో-పాస్ ఫిల్టర్లు (అక్కర్లేని పై ఫ్రీక్వెన్సీలను ఆపేవి) మార్చడానికి రిలేలు (కరెంట్ ఇస్తే అయస్కాంతంతో కదిలే స్విచ్‌లు) పెట్టాను. సగం బోర్డు వాటికే పోయింది, ఆన్‌లో ఉన్నంతసేపూ బ్యాటరీ తాగేస్తున్నాయి. అనలాగ్ డివైజెస్ వాళ్ల ఏడీజీఎం1304 అనే మెమ్స్ స్విచ్ (చిప్‌లోనే కదిలే అతి చిన్న లోహపు స్విచ్) చూశాను. 5×4 మి.మీ. ప్యాకేజీలో నాలుగు దారులు, 14 గిగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుందట. 3.3 వోల్టులకు లోపలి లోహం ఎలా కదులుతుంది?

పాత_సోల్డర్:
పిన్ డయోడ్లు (రేడియో సిగ్నల్‌కు స్విచ్‌లా పనిచేసే డయోడ్లు) పెట్టు తమ్ముడూ. చవక, కదిలే భాగమే ఉండదు.

మైక్రోవేవ్_ఈసీఐఎల్:
పిన్ డయోడ్‌కీ ఆన్‌లో ఉన్నంతసేపూ బయాస్ కరెంట్ కావాలి, బ్యాటరీ బాధ తీరదు.

మా టెస్ట్ సెటప్‌లో మెమ్స్ స్విచ్‌లే వాడుతున్నాం, నాకు చాలా ఇష్టమైన పార్ట్. 3.3 వోల్టులకు అది కదలదు. ప్యాకేజీలోనే ఉన్న డ్రైవర్ చిప్ దాన్ని 80 వోల్టుల పైకి పెంచుతుంది. ఆ వోల్టేజీకి బంగారు పలక కిందికి వంగి కాంటాక్ట్‌ను తాకుతుంది. పట్టి ఉంచడానికి కరెంట్ పారక్కర్లేదు.

సిగ్నల్ లేనప్పుడు మారిస్తే వంద కోట్ల సార్లు పనిచేస్తుంది. సెకనుకు ఒకసారి మార్చినా 30 ఏళ్లు దాటుతుంది. సిగ్నల్ పారుతుండగా మారిస్తే మాత్రం కాంటాక్ట్ లోహం చెడి ఆయుష్షు పడిపోతుంది. ముందు పీటీటీ (ట్రాన్స్‌మిట్ బటన్) వదలాలి, తర్వాతే స్విచ్ మార్చాలి. ఈ వరస ప్రోగ్రామ్‌లోనే రాసేయండి, చేతి అలవాటుకు వదలొద్దు.

క్యూఆర్‌పీ_గుంటూరు:
థాంక్స్ సార్. 5 వాట్లు తట్టుకుంటుందా?

మైక్రోవేవ్_ఈసీఐఎల్:
తట్టుకోదు. దాని పరిమితి 36 డీబీఎం (సిగ్నల్ పవర్ కొలత), అంటే సుమారు 4 వాట్లు. మీ 5 వాట్లు 37 డీబీఎం. యాంటెన్నా సరిగా మ్యాచ్ కాకపోతే వోల్టేజీ ఇంకా పెరుగుతుంది. ట్రాన్స్‌మిట్ దారిలో లాచింగ్ రిలేలు (కరెంట్ తీసేసినా పెట్టిన చోటే ఉండేవి) పెట్టండి, మార్చేటప్పుడు ఒక్క పల్స్ ఇస్తే చాలు, బ్యాటరీ మిగులుతుంది.

మెమ్స్‌ను రిసీవర్ బ్యాండ్-పాస్ ఫిల్టర్లకు (కావాల్సిన బ్యాండ్‌నే లోపలికి వదిలేవి) వాడండి, అక్కడ దాని లీనియారిటీకి (సిగ్నల్‌ను వక్రీకరించకుండా పంపే గుణం) సాటి లేదు. డ్రైవర్ చిప్ లోపలి ఆసిలేటర్ 10 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది, 30 మీటర్ల బ్యాండ్ (10.1 మెగాహెర్ట్జ్ నుంచి మొదలయ్యేది) పక్కనే కదా, అక్కడ సన్నటి క్యారియర్ (ఒకే ఫ్రీక్వెన్సీలో నిలకడగా వచ్చే సిగ్నల్) వినిపిస్తుందేమో చూసుకోండి. ఆర్‌ఎఫ్ పిన్నులను గాల్లో వదలొద్దు, ఒక్కోదాని నుంచి గ్రౌండ్‌కి 10 మెగాఓమ్ రెసిస్టర్ పెట్టండి. స్టాటిక్‌కి తేలిగ్గా పోతుంది, మణికట్టు పట్టీ లేకుండా ముట్టుకోవద్దు.