కథ, ఆడియో సీరియల్, వెబ్ సిరీస్: ముందు ఏది పట్టుకోవాలి?

పలమనేరు అమ్మాయి:
అందరికీ నమస్తే. మాది పలమనేరు, తిరుపతిలో ఉద్యోగం. వారపత్రికల్లో, ఆదివారం అనుబంధాల్లో నావి కొన్ని కథలు వచ్చాయి. ఇప్పుడు ఒక ఆడియో యాప్ వాళ్లు అందులో ఒకదాన్ని సీరియల్‌గా పెంచి రాయమంటున్నారు. హైదరాబాద్ నుంచి ఒక టీమ్ అదే కథను వెబ్ సిరీస్ చేద్దామని డిస్కషన్స్‌కి పిలుస్తోంది. రెండూ చేయాలనే ఉంది. కానీ ఎపిసోడ్ల లెక్కలో పడితే కథ రాసే చెయ్యి పోతుందేమోనని టెన్షన్. ముందు ఏది ఒప్పుకోమంటారు?

చంద్రగిరి కోట:
ఆడియోనే అక్కా. ఉద్యోగం వదలకుండా ఇంట్లోనే రాసుకోవచ్చు. డిస్కషన్స్ ఎన్నాళ్లు సాగుతాయో ఎవరికీ తెలియదు, అడ్వాన్స్ చేతికొచ్చేదాకా ఏదీ ఖాయం కాదు.

పాతమైకు:
చెయ్యి ఎక్కడికీ పోదమ్మా. నాది పుత్తూరు పక్క పల్లె. కథలతో మొదలుపెట్టి, తిరుపతి ఆకాశవాణికి నాటికలు రాసి, కొన్నాళ్లు టీవీ సీరియల్‌కి డైలాగులు రాసి, ఇప్పుడు మళ్లీ కథలు రాసుకుంటున్నాను.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లా పిల్లవు, ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం చూసే ఉంటావు. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి నాటకం. పగలు భాగవతార్ ఒక్కడే అందరి మనసులో ఏముందో విప్పి చెప్పేస్తాడు. రాత్రి అదే ఘట్టంలో మనసులో మాట బయటికి రావాలంటే పద్యమో, ఎదుటివాడితో వాదమో కావాలి. ఆఖరి రోజు దుర్యోధన వధకైతే మాటలతో పనే తక్కువ. నేల మీద పడుకున్న భారీ మట్టి బొమ్మ, దాని చుట్టూ గద పట్టుకుని తిరిగే భీముడు, అంతే. జనం ఊగిపోతారు. కథకూ నాటకానికీ తెరకూ తేడా నాకు తెలిసింది ఆ భారతం మిట్ట మీదే.

నా కథ ఒకదాంట్లో అవ్వ బావిలో నీళ్లు చేదుతుంటే, కొడుకు చేను అమ్మేశాడన్న మాట చెవిన పడుతుంది. కాపురానికొచ్చిన నాటి నుంచి ఆ చేనుతో ఆమెకున్న బంధమంతా కథలో రాశాను. రేడియోకి అది పనికిరాదు. కిర్రుమంటూ తిరుగుతున్న గిలక ఉన్నట్టుండి ఆగాలి. మనవరాలు "ఏందవ్వా, చేద సగంలో నిలిపేసినావు?" అంటుంది. అవ్వ పలకదు. గిలక మళ్లీ తిరుగుతుంది, ఈసారి నిదానంగా. తెర స్క్రిప్టుకొస్తే మనవరాలి మాట కూడా అక్కర్లేదు, తాడు మీద బిగుసుకున్న అవ్వ వేళ్లు చూపిస్తే చాలు.

రేడియోకి రాశాకే నా కథల్లో మనుషులు సొంతంగా మాట్లాడటం మొదలుపెట్టారు. అందుకే నేనూ ఆడియోనే ముందు అంటాను. ప్రతి ఎపిసోడ్ చివర మలుపు అడుగుతారు. ఇవ్వు, కానీ ఆ మలుపు పాత్ర స్వభావంలోంచి రావాలి. ఎవరో తలుపు కొట్టారని ఆపేస్తే వినేవాళ్లు రెండోసారి నమ్మరు.

టీవీ పని వేరు. రాత్రి అడిగిన సీన్ పేపర్ పొద్దున షూటింగ్‌కి అందాలి. అలాంటి పని చేసేటప్పుడు పక్కన సొంత కథ ఒకటి నడుస్తూ ఉండాలి, ఎంత నెమ్మదిగా నడిచినా సరే. పులికంటి కృష్ణారెడ్డి గారు కథలు రాశారు, పాటలు రాశారు, నాటకాల్లో వేషాలు వేశారు. ఒకటి ఇంకోదానికి అడ్డొచ్చిందా?

పలమనేరు అమ్మాయి:
గిలక సంగతి చదివి నా కథ మళ్లీ తీసి చూశాను సార్. మూడొంతులు ఆలోచనలే ఉన్నాయి! ఒక్క సందేహం. ఆడియోకి ఇచ్చేస్తే వెబ్ సిరీస్ వాళ్లకు ఇవ్వడానికి హక్కు ఉంటుందా?

పాతమైకు:
నువ్వు సంతకం పెట్టే కాగితాన్ని బట్టి ఉంటుంది. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కులు రాసివ్వడం రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఏ హక్కు, ఎంత కాలానికి, ఏ ప్రాంతానికి, ఎంత డబ్బుకు అన్నది అందులో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం మొత్తమని లెక్క. నీది అచ్చయిన కథ, తేదీతో సహా రుజువుంది, అది మంచిదే. ఆ పత్రికల కాపీలు దాచిపెట్టు. యాప్ వాళ్ల కాగితంలో "అన్ని మాధ్యమాలు" అని కనిపిస్తే కొట్టేయించి, "తెలుగు ఆడియో మాత్రమే" అని రాయించుకో. ఒప్పుకోకపోతే సంతకం పెట్టకుండా ఒకసారి వకీలుకు చూపించు.