మాలూరు వైపు రోడ్ల మీద గూళ్లు కట్టే పక్షుల లెక్క: ఎన్ని స్టాపులు, ఏ నెలలో?

రాగిచేను అడిగారు:

బెంగళూరు దగ్గరి హోస్కోటె దాటాక మాలూరు వైపు వెళ్లే ఊళ్ల రోడ్ల మీద, ఏటా ఒకే దారిలో పక్షుల్ని లెక్కపెట్టాలని ఇద్దరం అనుకుంటున్నాం. చలికాలపు వలస పక్షులు కాదు, ఇక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచేవాటి లెక్క కావాలి. దారిలో రాగి చేలు, నీలగిరి తోటలు, మామిడి తోటలు, రెండు కెరెలు (చెరువులు), ఇటుక బట్టీలు ఉన్నాయి.

అమెరికాలో 1966లో చాండ్లర్ రాబిన్స్ మొదలుపెట్టిన బ్రీడింగ్ బర్డ్ సర్వే పద్ధతి చదివాం. దారి పొడవు 39.4 కిలోమీటర్లు. సుమారు 800 మీటర్లకొకటి చొప్పున 50 స్టాపులు, ఒక్కో చోట 3 నిమిషాలు. 400 మీటర్లలోపు కనబడినవి, ఎంత దూరం నుంచైనా వినబడినవి అన్నీ రాయాలి. సూర్యోదయానికి అరగంట ముందే మొదలుపెట్టాలి. ఇది మన దగ్గర ఉన్నదున్నట్టు పనికొస్తుందా? ఏ నెల మంచిది? గూడు కనబడితే ఏం రాయాలి?

తీతువు:

పద్ధతి పనికొస్తుందండీ, 50 స్టాపులు మాత్రం పనికిరావు. 50 పూర్తి చెయ్యడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మన దగ్గర మే నెలలో ఎనిమిదిన్నర దాటితే ఎండ ముదిరి పాటలు తగ్గిపోతాయి, రోడ్డు మీద టెంపోలు, ట్రాక్టర్లు మొదలవుతాయి. చివరి 20 స్టాపుల్లో పక్షులు లేవా, ఉండి కూడా నోరు విప్పలేదా అన్నది తేలదు. 25 స్టాపులు పెట్టుకోండి. 3 నిమిషాల చొప్పున 75 నిమిషాలు. మధ్య దూరం మొత్తం 19.2 కిలోమీటర్లు, గంటకు 25 వేగంతో వెళ్తే 46 నిమిషాలు. బండి ఆపి, తలుపు చప్పుడు సద్దుమణగడానికి ఒక్కో చోట నిమిషం వేసుకున్నా రెండున్నర గంటల్లో అయిపోతుంది.

మే చివర్లో బెంగళూరులో సూర్యోదయం సుమారు 5:53కి. అరగంట ముందు అన్న నియమం ఉత్తరాన పుట్టింది, అక్కడ సంధ్యవెలుగు చాలాసేపు ఉంటుంది. ఇక్కడ చకచకా తెల్లారిపోతుంది కాబట్టి 5:25కి ఇంకా చూపు ఆనదు. 5:35 పెట్టుకోండి, ఏటా అదే ఉంచండి.

నెల గురించి గట్టిగానే చెబుతాను: మే 15 నుంచి జూన్ 10 లోపు ముగించండి. ఏప్రిల్‌లో చెట్లలో ఇంకా చలికాలపు వార్బ్లర్లు (చిన్న వలస పిట్టలు) ఉంటాయి, అవి లెక్కలో కలుస్తాయి. జూన్ మధ్య నుంచి నైరుతి గాలి ఈ పీఠభూమి మీద ఆగకుండా వీస్తుంది. నీలగిరి ఆకుల రొదలో ప్రీనియా అనే చిన్న పొదపిట్ట గొంతు వినబడదు. మేలో వానలు ఎక్కువగా సాయంత్రం పడతాయి, ఉదయం నిశ్శబ్దంగా ఉంటుంది. గంటకు 19 కిలోమీటర్లకు మించి గాలి ఉంటే ఆ రోజు మానేయండి. ఆకులు, సన్న కొమ్మలు ఎడతెగకుండా ఊగుతూ, గుడి మీది జెండా పూర్తిగా విచ్చుకుందంటే హద్దు దగ్గర ఉన్నట్టే.

అన్నిటికంటే ముఖ్యం స్టాపులు కదలకపోవడం. మొదటి చోటు చీటీ వేసి తీయండి. మీకు ఇష్టమైన కెరెగట్టు నుంచి మొదలుపెట్టకండి. అక్కడి నుంచి 800 మీటర్లకొకటి చొప్పున ఎక్కడ వస్తే అక్కడే స్టాపు. ఇటుక బట్టీ ముందు వచ్చినా సరే. పక్షులు లేని చోటు కూడా ఆ దారిలో భాగమే, రేపు అక్కడ లేఅవుట్ వచ్చినా, చింతతోపు పెరిగినా మార్పు లెక్కలో కనబడాలి. మిల్లు మోటారు లాంటి నిలకడైన శబ్దం ఉంటేనో, బండి ఆపడం ప్రమాదమైతేనో మొదటి ఏడాదే 100 మీటర్ల లోపు జరపండి, ఆ తర్వాత ముట్టుకోకండి. జీపీఎస్ అంకెలతో పాటు మైలురాయి, స్తంభం నంబరు, వేపచెట్టు ఏదో ఒకటి కనబడేలా ఫోటో తీసి పెట్టుకోండి. ఫోన్ జీపీఎస్ తోటల్లో కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, ఆ ఫోటోయే దారి చెబుతుంది.

లెక్కపెట్టేది ఒక్కరే. రెండోవారు బండి నడుపుతారు, టైమర్ చూస్తారు, చెప్పింది రాస్తారు. "అదుగో అక్కడ" అని చూపించకూడదు. ఒక ఏడాది రెండు జతల కళ్లు, మరో ఏడాది ఒక జత అయితే పక్షులు తగ్గాయా, కళ్లు తగ్గాయా చెప్పలేం. కొత్తగా లెక్కపెట్టేవారికి మొదటి ఏడాది సంఖ్యలు తక్కువగా రావడం అమెరికా లెక్కల్లోనూ తెలిసిన సంగతే, దాన్ని విశ్లేషణలో విడిగా సర్దుతారు. కాబట్టి లెక్కకు ముందే ఒక వారం ఈ గొంతులు చెవికి పట్టించండి: యాషీ ప్రీనియా, ప్లెయిన్ ప్రీనియా, జెర్డాన్ బుష్‌లార్క్, నల్లంచి, తేనెపిట్టలు, ఫ్లవర్‌పెకర్. యాషీ ప్రీనియా పొద నుంచి పొదకు ఎగిరేటప్పుడు రెక్కల దగ్గర టక్ టక్ మని చప్పుడు వస్తుంది, ప్లెయిన్‌ది కీచురాయి లాంటి సాగుడు గొంతు. ఫ్లవర్‌పెకర్ కీచు చాలా సన్నన. వయసు మీదపడితే ముందు వినబడకుండా పోయేవి ఇలాంటివే. అందుకని ఇద్దరిలో చెవి బాగున్నవారే లెక్కపెట్టాలి.

రికార్డు వేసి పిలవడం, నోటితో ఉస్సుస్సుమనడం రెండూ వద్దు.

కెరెగట్టు:

పైన చెప్పినదాంతో దాదాపు ఏకీభవిస్తాను, 3 నిమిషాల దగ్గర తప్ప. కముజుపిట్ట ఒకసారి అరిచి ఐదారు నిమిషాలు ఊరుకోవచ్చు. 3 నిమిషాల్లో అలాంటివి తప్పిపోతాయి. 25కి బదులు 18 స్టాపులు, ఒక్కో చోట 5 నిమిషాలు మేలనిపిస్తుంది. ఒక షరతు: మొదటి 3 నిమిషాల్లో వచ్చినవి, తర్వాతి 2 నిమిషాల్లో వచ్చినవి వేర్వేరు గడుల్లో రాయండి. 3 నిమిషాల పద్ధతితో పోల్చాలంటే మొదటి గడి ఎలాగూ మీ దగ్గర ఉంటుంది.

దూరం కూడా రాయండి. కేవలం మొత్తం సంఖ్య రాస్తే అది సూచిక మాత్రమే, ఎకరానికి ఎన్ని అన్నది రాదు. 30 మీటర్ల లోపు, 30 నుంచి 100, 100 దాటినవి అని మూడు వలయాలు చాలు. కంటి అంచనా మొదట్లో బాగా తప్పుతుంది, ముఖ్యంగా చెవితో విన్నప్పుడు. మీ దారిలో రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం టేపుతో కొలిచి పెట్టుకుంటే ప్రతి స్టాపులోనూ కొలబద్ద దొరికినట్టే. లెక్క జరుగుతుండగా ఎగిరి దాటిపోయిన కాకులు, కొంగల్ని ఏ వలయంలోనూ వేయకుండా విడిగా రాయండి.

ప్రతి స్టాపు దగ్గర ఆ కొద్ది నిమిషాల్లో దాటిన బళ్లు కూడా గీతలు పెట్టండి. రోడ్డు వెడల్పు చేశాక పక్షులు తగ్గాయని అనిపించినప్పుడు, శబ్దం వల్ల మీకు వినబడలేదా అన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంటుంది.

రాగిచేను:

చాలా ఉపయోగపడిందండీ. నెమలి సంగతి చెప్పండి. ఒక్క నెమలి అరిస్తే మూడు స్టాపులకు వినబడుతోంది. కోకిలదీ అదే గొడవ.

తీతువు:

800 మీటర్ల దూరం పెట్టింది 400 మీటర్ల వలయాలు ఒకదాని మీద ఒకటి పడకుండానే, కానీ నెమలి గొంతుకు ఆ హద్దు లేదు. నియమం ఏమిటంటే, ముందు స్టాపులో రాసిన పక్షే ఇది అని నమ్మకంగా తెలిస్తే మళ్లీ రాయకూడదు. రాసేవారు ప్రతి నెమలి పక్కన దిక్కు బాణం గీయాలి. 7వ స్టాపులో ముందువైపు కుడిన అరిచింది, 8లో అదే తోపు నుంచి వెనకవైపు అరిస్తే ఒక్కటే. కెరెగట్టు గారి వలయాలు వాడితే నెమలిని 100 దాటిన గడిలోనే ఉంచి, పోల్చేటప్పుడు ఆ గడి వదిలేయొచ్చు.

3, 5 నిమిషాల మీద నా మాట మారదు. స్టాపులు ఎక్కువుంటే మామిడి తోట, చేను, ఊరు అన్నీ తగినన్ని సార్లు వస్తాయి. మొదటి ఏడాది ఏది ఎంచుకున్నా సరే, మూడో ఏడాది మార్చకండి.

ఈతచెట్టు:

గూళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ 3 నిమిషాల్లో గూళ్లు వెతకకండి, అది సంఖ్యల పని. తిరుగు ప్రయాణంలో కనబడిన ఆనవాళ్లు, పక్షుల జాబితాలు ఎక్కించే వెబ్‌సైట్ అయిన ఈ-బర్డ్‌లో బ్రీడింగ్ కోడ్‌గా వేరే జాబితాలో పెట్టండి. ఒక్కసారి పాడుతూ కనబడితే 'ఉండొచ్చు' అన్న స్థాయి మాత్రమే. అదే చోట ఏడు రోజులు ఆపైన తేడాతో మళ్లీ పాడితే 'బహుశా' అవుతుంది. నోట పురుగు పట్టుకుని పొదలోకి పోవడం, పిల్లల రెట్టసంచి మోసుకుపోవడం, గూటిలో పిల్లలు: ఇలాంటివే రూఢి. పసుల పోలిగాడు గొడ్ల వెనక పురుగు పట్టి తానే తింటే అది ఆనవాలు కాదు, పట్టుకుని ఒకే చెట్టుకు పదేపదే పోతే ఆనవాలు.

తీతువుపిట్ట మీ తల మీద తిరుగుతూ అరుస్తోందంటే గుడ్లో పిల్లలో దగ్గర్లోనే ఉన్నాయి. గుడ్లు దుక్కి మీద, గులకరాళ్ల మధ్య, మట్టిరంగు మీద నల్ల మచ్చలతో ఉంటాయి, కాలి కింద పడేదాకా కనబడవు. మే ఎండలో అది గుడ్ల మీద నిలబడి నీడ పడుతుంది, కెరెలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి చల్లబరుస్తుంది. మీరు ఫోటో కోసం నిలబడ్డంతసేపూ ఆ గుడ్లు ఎండలో ఉడుకుతాయి, పైన కాకి చూస్తూ ఉంటుంది. కోడ్ రాసుకుని వెంటనే కదలండి.

గిజిగాడికి మాత్రం జులై చివరో ఆగస్టులోనో వేరే రోజు పెట్టుకోండి, మే లెక్కలో కలపకండి. బావుల మీది కొమ్మలు, ఈతచెట్లు చూడండి. మగది సగం గూడు కట్టి ఆపుతుంది, ఆడది ఒప్పుకున్నాకే కింది గొట్టం పూర్తవుతుంది. కాబట్టి గొట్టం ఉన్నవి, సగం కట్టినవి, ఎండి గోధుమరంగుకు మారిన పాతవి మూడు వేర్వేరు గడులు. అన్నీ కలిపి రాస్తే జతల సంఖ్య ఎక్కువగా కనబడుతుంది.

కెరెగట్టు:

ఈ-బర్డ్‌లో ఎక్కించేటప్పుడు దారి మొత్తం ఒకే జాబితాగా వేయకండి. స్టాపుకొక జాబితా, స్టేషనరీ (ఒకే చోట ఆగి చేసినది), 3 నిమిషాలు, కంప్లీట్ (గుర్తుపట్టినవన్నీ రాసినది) అని పెట్టండి. చోటు పేరులో స్టాపు నంబరు ఉంచండి. ఎన్నో తెలియని చోట, ఉందని మాత్రమే చెప్పే ఎక్స్ గుర్తు వేయకండి, అంచనా అయినా అంకె వేయండి. ఏమీ వినబడని స్టాపును కాగితం మీద సున్నాగా రాసి ఉంచండి. పాలపిట్ట కర్ణాటక రాష్ట్ర పక్షి, 2023 స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక తగ్గుతోందని చెప్పిన పక్షి. మీ 25 స్టాపుల్లో దానికి 24 సున్నాలు వచ్చినా అవి అక్కరకొచ్చే సున్నాలే.

ఇంకొకటి. మాలూరు చుట్టుపక్కల ఊళ్లలో తెలుగు బాగానే నడుస్తుంది. లెక్కకు ముందు రోజు సాయంత్రం వెళ్లి, తెల్లారుజామున ఇక్కడ ఆగుతామని టీ కొట్టు దగ్గర, తోట కాపలావాళ్లకు చెప్పి రండి. బైనాక్యులర్ ఇళ్ల వైపు, బావుల వైపు తిప్పకండి. 5:35కి కుక్కలు మొరిగితే అక్కడి ప్రీనియా లెక్క పోయినట్టే, అందుకని ఊరి నడుమ వచ్చే స్టాపుల్లో బండి దిగకుండా, ఇంజన్ ఆపి, అద్దాలు దించి వినండి. అయితే ఆ స్టాపుల్లో ఏటా అలాగే చేయాలి, దిగలేదని షీటులో రాయాలి.