వానాక్రై భయం: కంప్యూటర్ ఆపి ఉంచితే చాలా, ప్యాచ్ వేయాలా?

కృష్ణాతీరం (16 మే 2017): శుక్రవారం మొదలైన వానాక్రై అనే హానికర ప్రోగ్రామ్ ఫైళ్లకు తాళం వేసి 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు అడుగుతోందని, బ్రిటన్ ఆసుపత్రులతో పాటు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయని వార్తలు వచ్చాయి. ఇంట్లోని విండోస్ 7 కంప్యూటర్‌ను కొన్నాళ్లు ఆపి ఉంచితే సరిపోతుందా?

డీటీపీ మాస్టారు: తెలియని మెయిల్ తెరవకపోతే ఏ ప్రమాదమూ లేదు. నేను పాత విండోస్ ఎక్స్‌పీ మీదే పనిచేస్తున్నాను. ఒకసారి మెకానిక్ ఏదో అప్‌డేట్ వేసిన మర్నాడు తెలుగు ఫాంట్లన్నీ చెదిరి, పెళ్లిపత్రికల ఆర్డరు చేజారింది. అప్పటినుంచి అప్‌డేట్ల జోలికి వెళ్లలేదు.

సర్వర్ గది: కృష్ణాతీరం గారూ, ఆపి ఉంచినంత కాలం రాదు, తెరిచిన రోజు లోపం అలాగే ఉంటుంది. మాస్టారూ, ఇది వర్మ్, అంటే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకేది. ఫైళ్లు పంచుకునే పాత ఎస్‌ఎంబీ పద్ధతిలోని లోపాన్ని పట్టుకుని, 445వ పోర్టు (నెట్‌వర్క్ ద్వారం) తెరిచి ఉన్న కంప్యూటర్‌లోకి, ఎవరూ దేన్నీ నొక్కకుండానే చొరబడుతుంది. దానికి ప్యాచ్, అంటే ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్, మార్చి 14నే వచ్చింది. ఎక్స్‌పీకి 2014లోనే మద్దతు ముగిసినా, ఈ దాడి తర్వాత దానికీ ప్రత్యేకంగా ఇచ్చారు.

డీటీపీ మాస్టారు: టీవీలో మెయిల్ అనే చెప్పారు.

నల్లమల: వ్యాప్తి ఆగిపోయిందన్నారు కదా?

సర్వర్ గది: వర్మ్ వెతికే వెబ్ చిరునామాను ఒక పరిశోధకుడు నమోదు చేయడంతో నెమ్మదించింది. ఆ చిరునామా అవసరం లేని కొత్త రకం వస్తే అది అడ్డుకాదు. మాస్టారూ, జనం మీ దగ్గర ఆధార్ నకళ్లు, భూమి పత్రాలు ఇచ్చి వెళ్తారు. మీ నిర్లక్ష్యానికి వారెందుకు నష్టపోవాలి?

డీటీపీ మాస్టారు: నిర్లక్ష్యమనే మాట వెనక్కి తీసుకోండి. కొత్త విండోస్ కొంటే నా పాత ఫాంట్ల సాఫ్ట్‌వేర్ అందులో నడవదు, రెండూ కొనాలంటే నెలల రాబడి పోతుంది. అమెరికా గూఢచారి సంస్థ ఆ లోపాన్ని ఏళ్ల తరబడి దాచుకుని, చివరికి దానితో చేసుకున్న తన ఆయుధాన్నే దొంగల పాలు చేస్తే, తప్పు పత్రికలు కూర్చుకు బతికే నాదా?

సర్వర్ గది: వారు దాచడం ఘోరమే, ఆ మాటలో మీతో నాకు పేచీ లేదు. అయినా ఫైళ్లు పోయేది మీ షాపులోనే. ఎక్స్‌పీకి ఇంటర్నెట్ కేబుల్ తీసేయండి. ఫైళ్లను బయటి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి వెంటనే విడదీయండి, తగిలించి ఉంచితే దానికీ తాళం పడుతుంది.

డీటీపీ మాస్టారు: ఫైళ్లు ఈ రాత్రే ఎక్కిస్తాను. కేబుల్ మాత్రం తీయలేను, ఆర్డర్లన్నీ మెయిల్‌లోనే వస్తాయి, నాకు రెండో కంప్యూటర్ లేదు.

సర్వర్ గది: అయితే ఆ ఎక్స్‌పీ ప్యాచ్ తప్పదు. ముందు ఫాంట్ల ఫోల్డర్‌కు నకలు తీసుకోండి.